ఖాళీ జాగా ఎంత, కట్టదగినది ఎంత: నగరాల భూమి లెక్క

2002లో అమెరికాలోని పోర్ట్‌లండ్ మహానగర ప్రాంత మండలి ‘మెట్రో’ తన పట్టణ సరిహద్దును ఒక్క విడతలో 18 వేల ఎకరాలకు పైగా విస్తరించింది. అందులో సింహభాగం ఆగ్నేయ దిక్కునున్న డమాస్కస్‌ది. నర్సరీ తోటలు, పొలాలు, ఎప్పుడో చల్లారిన అగ్నిపర్వతాల గుట్టలు ఉన్న పల్లెపట్టు అది. వేల కుటుంబాలకు అక్కడ ఇళ్లు లేస్తాయని మెట్రో లెక్క. 2004లో స్థానికులు ఓటేసి డమాస్కస్‌ను నగరంగా మార్చుకున్నారు కూడా. ఆ పైన పన్నెండేళ్లు ఒకదాని తర్వాత ఒకటిగా ప్రణాళికలు తయారవడం, ఓటర్లు వాటిని తోసిపుచ్చడం. గుట్టల మీదికి నీళ్లూ మురుగు పైపులూ వేసే ఖర్చు ఎవరు భరించాలో తేలలేదు. చివరికి 2016 మేలో ఆ ఊరివాళ్లు నగర హోదానే రద్దు చేయాలని ఓటేశారు. పటంలో కొత్త నగరంగా చూపించిన నేల చాలా మటుకు పొలంగానే ఉండిపోయింది.

మెట్రో లెక్క తప్పింది కొలతలో కాదు, ఎకరాలు సరిగ్గానే ఉన్నాయి. ఆ ఎకరాల్లో ఎన్నిటి మీద, ఎప్పటికి, ఎవరి డబ్బుతో ఇళ్లు లేస్తాయన్న ఊహ తప్పింది. నగర ప్రణాళికలో ‘కట్టదగిన భూమి’ అంచనా అనే పని మొత్తం ఈ ఊహల చుట్టూనే తిరుగుతుంది. ఒక నగర పరిధిలో ఇప్పుడున్న ఖాళీ, సగం ఖాళీ, పాతబడిన స్థలాల్లో రాబోయే ఐదేళ్లకో ఇరవయ్యేళ్లకో ఎన్ని ఇళ్లు, ఎన్ని దుకాణాలు, ఎన్ని పరిశ్రమలు పడతాయో ముందుగా తేల్చడమే ఆ పని. తేలిన అంకె చిన్నదైతే ఊరు పొలాల మీదికి జరుగుతుంది. పెద్దదైతే ఉన్న జాగాలోనే సర్దుకోమంటారు. ఎక్కడ రోడ్డు వెయ్యాలి, ఎక్కడ బడి కట్టాలి, ఏ రైతు పొలం రేపు ప్లాట్లవుతుంది అన్నవన్నీ ఈ ఒక్క అంకెను పట్టుకుని వేలాడతాయి. అందుకే దాన్ని ఎలా రాబట్టారో నగరవాసి తెలుసుకోవడం అవసరం.

ఈ లెక్కను చట్టంలోకి ఎక్కించి, దశాబ్దాలుగా నడిపిస్తున్నది పోర్ట్‌లండ్ ఉన్న ఒరెగాన్ రాష్ట్రమే. విలమెట్ లోయలోని సారవంతమైన పొలాలు 1960లలో ముక్కలు ముక్కలుగా కాలనీలవుతుంటే, అప్పటి గవర్నర్ టామ్ మెకాల్ వాటిని కాపాడాలని పట్టుబట్టారు. 1973లో సెనేట్ బిల్లు 100 చట్టమైంది. దాని కింద ప్రతి నగరమూ తన చుట్టూ ఒక గీత గీసుకోవాలి. గీత లోపల పట్టణం, వెలుపల సేద్యమూ అడవీ. 3 కౌంటీలు, 24 నగరాలు కలిసిన పోర్ట్‌లండ్ ప్రాంతానికి ఆ గీత 1979లో పడింది.

గీత గీస్తే లోపలి భూమి ధర పెరుగుతుందన్న భయం మొదటి రోజు నుంచీ ఉంది. దానికి విరుగుడుగా చట్టం ఒక షరతు పెట్టింది: గీత లోపల ఇరవయ్యేళ్ల అవసరానికి సరిపడా భూమి ఎప్పుడూ ఉండాలి. ఉందో లేదో నగరాలు పద్ధతి ప్రకారం లెక్కించి చూపాలని 1995లో శాసనసభ మరింత గట్టిగా నిర్దేశించింది. పొలాన్ని కాపాడే గీతా, ఇంటికి జాగా చూపే లెక్కా ఒకే చట్టంలో జంటగా ఉండడం ఒరెగాన్ ప్రత్యేకత. మిగతా చోట్ల గీతలు గీసినవాళ్లు చాలామందే ఉన్నారు గానీ వాళ్లలో పలువురు లెక్కను మాత్రం వదిలేశారు.

లెక్క మొదలయ్యేది పన్ను రికార్డుల దగ్గర. ప్రతి స్థలానికీ హద్దులు, విస్తీర్ణం, యజమాని, నేల విలువ, కట్టడం విలువ కంప్యూటర్ పటంలోకి ఎక్కుతాయి. పోర్ట్‌లండ్ మెట్రో ఇలాంటి పటాన్ని 1980ల చివరి నుంచే తయారు చేసుకుంటూ వచ్చింది. దాని మీద విమాన ఛాయాచిత్రాలు పరచి ఖాళీ స్థలాలను వేరు చేస్తారు. అసలు కథ ఆ తర్వాతి తీసివేతల్లో ఉంది.

ఒరెగాన్ నిబంధనల ప్రకారం ఇళ్ల లెక్కలోంచి తీసేయదగిన నేలలు కొన్ని ఉన్నాయి. వాలు 25 శాతమో అంతకు మించో ఉన్నది, అంటే నూరు అడుగులు ముందుకు నడిస్తే పాతిక అడుగులు ఎత్తు పెరిగేది, ఒకటి. నూరేళ్లకోసారి వచ్చే స్థాయి వరదలో మునిగేది ఇంకొకటి. కొండచరియలు విరిగిపడే చోట్లు, వాగుల గట్లు, చిత్తడి నేలలు, ప్రకృతి రక్షణ కింద ప్రకటించినవి, నీళ్లూ మురుగు పైపులూ ఏ విధంగానూ చేరలేనివి కూడా పక్కకు పోతాయి. ప్రభుత్వ భూమిని సాధారణంగా ఇళ్లకు దొరికేదిగా చూడరు. ఇక అర ఎకరం, అంతకు పైబడిన స్థలంలో ఒకే ఇల్లు ఉంటే, ఆ ఇంటికి పావు ఎకరం విడిచి మిగతాది కట్టదగినదిగా పట్టుకోవచ్చు. పెరట్లో ఇల్లు కట్టాలని ఆ యజమానికి ఉందా లేదా అని ఎవరూ అడగరు. అక్కడినుంచే అంచనా నేలను విడిచి మనుషుల మనసుల్లోకి అడుగుపెడుతుంది.

ఒక ఊహా పట్టణాన్ని తీసుకుంటే ఈ తీసివేతల బరువు తెలుస్తుంది. పటంలో 1,000 ఎకరాల ఖాళీ కనిపించిందనుకుందాం. వాలు కింద 150, వరద ముంపు, వాగు గట్ల కింద 100, ప్రభుత్వానివి 50 పోతే మిగిలేది 700. ఇళ్లు కట్టేది ఈ 700లోనూ పూర్తిగా కాదు. రోడ్లు, పార్కులు, బడులు కావాలి. ఇళ్లకు వాడే నికర భూమికి మరో 25 శాతం వాటి కోసం కలుపుకోవచ్చని ఒరెగాన్ నిబంధన వెసులుబాటు ఇస్తుంది. ఆ ప్రకారం 700 ఎకరాల్లో ఇళ్లకు నికరంగా చేతికొచ్చేది 560. ఎకరానికి 6 ఇళ్ల చొప్పున 3,360. కొందరు యజమానులు ఇరవయ్యేళ్లలోనూ అమ్మరు, కొన్ని స్థలాలు కోర్టుల్లో చిక్కుకుంటాయి. ఆ ఖాతాలో 15 శాతం కొట్టేస్తే 2,856. ఊరికి 3,000 ఇళ్లు కావాలంటే భూమి చాలదు, గీతను బయటికి జరపాలి. సరిగ్గా ఇవే అంకెల్లో ఎకరానికి 6 బదులు 7 ఇళ్లు అని ఒక్క మార్పు చేస్తే 3,332 ఇళ్లు పడతాయి. అప్పుడు భూమి మిగులు, గీత కదలక్కర్లేదు. ఎకరానికి ఒక్క ఇల్లు అటూ ఇటూ అయితే పొలాల తలరాతే మారిపోతుంది. ఆ ఆరూ ఏడూ ఎక్కణ్నుంచి వచ్చాయని అడగని ప్రజా విచారణ సగమే జరిగినట్టు.

ఖాళీ స్థలం సంగతి కొంత నయం, కంటికి కనబడుతుంది. ఇప్పటికే కట్టడాలున్న చోట వాటిని పడగొట్టి మళ్లీ కట్టే అవకాశాన్ని లెక్కించడం ఇంతకన్నా చాలా కష్టం. పాత పద్ధతి ఒకటుంది: కట్టడం విలువను నేల విలువతో పోల్చడం. నేల ఖరీదు ముందు పైనున్న కట్టడం వెలవెలబోతుంటే అది త్వరలో పడిపోతుందని అనుమానిస్తారు. నగరం మధ్యలో ఉన్న పార్కింగ్ జాగా, ఒంటి అంతస్తు గిడ్డంగి ఈ పరీక్షలో వెంటనే బయటపడతాయి. కానీ లాభంతో నడుస్తున్న చిన్న హోటలూ అదే ఖాతాలో పడుతుంది, దాని యజమాని ముప్ఫయ్యేళ్లయినా కదలకపోవచ్చు. అందుకే ఇటీవలి లెక్కల్లో బిల్డరు వేసుకునే గణితాన్నే అరువు తెచ్చుకుంటున్నారు: స్థలం కొనుగోలు, కూల్చివేత, నిర్మాణం, వడ్డీ పోగా వచ్చే అద్దెకో అమ్మకానికో గిట్టుబాటవుతుందా అని స్థలం వారీగా చూడడం. ఇందులో ఒక ఇబ్బంది ఉంది. వడ్డీ రేట్లు పెరిగిన ఏడాది లెక్కిస్తే, నేల అంగుళం కదలకపోయినా ‘భూమి సరఫరా’ కుంచించుకుపోతుంది.

పోర్ట్‌లండ్‌లో ప్రతి విడతా ఇక్కడే గొడవ. ఇళ్ల బిల్డర్లు పునర్నిర్మాణం అంకెను ఉబ్బించారంటారు. 1975 నుంచి భూ చట్టానికి కాపలా కాస్తున్న ‘థౌజండ్ ఫ్రెండ్స్ ఆఫ్ ఒరెగాన్’ వంటి సంస్థలు ఊరిలోపలి అవకాశాలను తక్కువ చేసి చూపుతున్నారంటాయి. డమాస్కస్ అనుభవం మెట్రోను మార్చింది. ఎకరాల లోటు చూసి గీత జరపడం మాని, ఆ భూమికి రోడ్లు, పైపులు, డబ్బు, పాలన ఎలా వస్తాయో ముందే ప్రణాళిక చూపించిన నగరాలకే విస్తరణ ఇవ్వడం మొదలుపెట్టింది. 2018లో గీత లోపలికి తెచ్చినది బీవర్టన్, హిల్స్‌బరో, కింగ్ సిటీ, విల్సన్‌విల్ నగరాల పక్కనున్న సుమారు 2,200 ఎకరాలే.

పొరుగు రాష్ట్రం వాషింగ్టన్ ఈ విద్యకు మరో మంచి అలవాటు జోడించింది: వెనక్కి తిరిగి చూసుకోవడం. 1990లో వృద్ధి నిర్వహణ చట్టం తెచ్చిన ఆ రాష్ట్రం, 1997లో సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీ సహా ఆరు పెద్ద కౌంటీల మీద ఒక బాధ్యత మోపింది. ప్రణాళికలో ఎకరానికి ఎన్ని ఇళ్లన్నారు, వాస్తవంగా ఎన్ని కట్టారు అన్నది అనుమతి రికార్డుల నుంచి తీసి పోల్చాలి. రెంటికీ పొంతన లేకపోతే గీతను జరిపే ముందు నిబంధనలు సరిచేసుకోవాలి. మొదటి నివేదికలు 2002లో వచ్చాయి. 2017లో చట్టాన్ని సవరించి, భూమి మార్కెట్‌కు రాకపోవడాన్ని ఏ ఆధారంతో లెక్కిస్తున్నారో చెప్పాలని అడిగారు. ఊహకు ఏళ్ల తర్వాతైనా జవాబుదారీతనం ఉండడం పాఠ్యపుస్తకాల్లోని ఎన్ని సూత్రాలకన్నా విలువైన సంగతి.

ఇంగ్లండ్ దారి వేరు. అక్కడ ఎకరాల మొత్తం కన్నా స్థలాల జాబితా ముఖ్యం. స్థానిక సంస్థ ‘మీ దగ్గర స్థలం ఉంటే చెప్పండి’ అని యజమానులను పిలుస్తుంది. వచ్చిన ప్రతి స్థలాన్నీ మూడు ప్రశ్నలు అడుగుతుంది: అనువైనదేనా, చేతికి వస్తుందా, కట్టడం సాధ్యమా? ఐదేళ్లలో ఇళ్లు లేచేవి ఒక గుంపు, ఆ తర్వాతవి మరో గుంపు. తమ లక్ష్యానికి సరిపడా ఐదేళ్ల స్థలాలు చూపలేని స్థానిక సంస్థకు శిక్ష కూడా ఉంది. దాని ప్రణాళికకు బలం తగ్గి, అప్పీలులో బిల్డరు వైపు త్రాసు మొగ్గుతుంది. 2023 డిసెంబరులో కొంత సడలించిన ఈ కట్టడిని 2024 డిసెంబరులో మళ్లీ బిగించారు. దీంతో ‘ఐదేళ్ల సరఫరా’ అన్న మాట అక్కడి పల్లెటూరి సమావేశాల్లో కూడా మోగుతుంటుంది. నాలుగేళ్ల చిల్లరా, ఐదేళ్లా అన్న వాదన మీద లాయర్లు రోజుల తరబడి అప్పీళ్లు నడుపుతారు.

పై నుంచి చూసిన లెక్కా ఒకటుంది. ఆర్థికవేత్త ఆల్బర్ట్ సైజ్ 2010లో అమెరికా మహానగరాల నడిబొడ్డు నుంచి 50 కిలోమీటర్ల వలయం గీసి, అందులో సముద్రం, సరస్సులు, చిత్తడి నేలలు, 15 శాతం దాటిన వాలు ఎంతుందో ఉపగ్రహ, ఎత్తు సమాచారంతో కొలిచారు. ఇళ్ల సరఫరా సులువుగా పెరగని నగరాల్లో ఎక్కువ వాటికి ప్రకృతే అడ్డు కట్టిందని తేల్చారు. ఆయన హద్దు 15 శాతం, ఒరెగాన్ హద్దు 25. ఒకే కొండ ఒక లెక్కలో కట్టదగినది, ఇంకో లెక్కలో కాదు. ఒకటి నగరాలను పోల్చడానికి, మరొకటి ఒక నగరాన్ని నడపడానికి కాబట్టి రెండూ తమ తమ పనికి సరైనవే. చిక్కల్లా ఒకదాని అంకె తెచ్చి రెండోదాని స్థానంలో వాడినప్పుడే.

ప్రకృతి అడ్డంకికీ మనిషి నిర్ణయానికీ తేడా హాంకాంగ్‌లో బాగా కనిపిస్తుంది. సుమారు 1,100 చదరపు కిలోమీటర్ల ఆ ప్రాంతంలో కట్టడాలున్నది నాలుగో వంతు మాత్రమే, ఇళ్లున్నది దాదాపు 7 శాతం. సుమారు 40 శాతం రక్షిత ఉద్యానవనాలు. 2046 వరకు కనీసం 1,200 హెక్టార్ల లోటు ఉంటుందని 2018 నాటి ప్రభుత్వ అంచనా. దాన్ని పూడ్చే 18 మార్గాలను అదే ఏడాది ఒక కార్యదళం జనం ముందు పెట్టింది. కంటెయినర్లు, పాత సామాన్లు గుట్టలు పోసిన బీడు స్థలాలు, సముద్రాన్ని పూడ్చడం, చివరికి ఫాన్‌లింగ్ గోల్ఫ్ మైదానం కూడా అందులో ఉన్నాయి. 172 హెక్టార్ల ఆ మైదానంలో 32 హెక్టార్లు ఇళ్లకు తీసుకోవాలని కార్యదళం సిఫారసు చేసింది. అంకె ఎంతన్నది నిపుణులు చెప్పినా, ఏ నేలను ముట్టుకోవాలన్నది ఊరంతా తేల్చుకోవాల్సిన విషయమని ఆ కసరత్తు చూపింది.

తెలుగు రాష్ట్రాల్లో మాస్టర్ ప్లాన్లున్నాయి, జోన్లున్నాయి. ఇరవయ్యేళ్లకు సరిపడా కట్టదగిన భూమి ఉందో లేదో కొన్నేళ్లకోసారి లెక్కించి ప్రజల ముందు పెట్టాలని ఒరెగాన్ తరహాలో తప్పనిసరి చేసే చట్టం లేదు. అయితే తీసివేతల నియమాలకు కొదవ లేదు. చెరువు నిండినప్పుడు నీరు నిలిచే హద్దును ఎఫ్‌టీఎల్ అంటారు. దాని లోపల కట్టడం నిషేధం. 2012 నాటి భవన నియమాల ప్రకారం 10 హెక్టార్లు, ఆ పైబడిన చెరువులకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నవాటికి 9 మీటర్లు బఫర్ వదలాలి. రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద నిషేధిత జాబితా వేరే ఉంది. అసైన్డ్ భూముల అమ్మకాన్ని 1977 చట్టం అడ్డుకుంటుంది.

హైదరాబాద్‌లో అన్నిటికన్నా పెద్ద తీసివేత 111 జీవో. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల వరకు భారీ నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో వచ్చిన ఆ ఉత్తర్వు 84 గ్రామాలకు, సుమారు 1.32 లక్షల ఎకరాలకు వర్తించింది. 2022లో ప్రభుత్వం 69 జీవోతో ఆ కట్టడిని సడలించింది. ఐటీ కారిడార్‌ను ఆనుకున్న లక్షకు పైగా ఎకరాలు కట్టదగినవా కావా అన్నది ఒక కాగితంతో అటూ ఇటూ మారగల స్థితి అది. ఆ నేల నిజంగా నగరానికి అవసరమా, గీత లోపల ఖాళీగా ఉన్న లేఅవుట్లలో ఎన్ని ఇళ్లు పడతాయి అన్న లెక్క ముందు జరగాల్సింది. అది లేనందువల్ల వాదన రైతుల హక్కుకూ జలాశయాల రక్షణకూ మధ్య పోరుగానే మిగిలింది.

లెక్కలో తీసేయాల్సిన నేలను తీసేయకపోతే ఏమవుతుందో 2020 అక్టోబరు చూపించింది. కుండపోత వానలకు పాతబస్తీ పైభాగాన పల్లె చెరువు, గుర్రం చెరువు గట్లు తెగి కింది కాలనీలు మునిగాయి. ఒక చెరువు మత్తడి దూకితే నీరు కింది చెరువుకు పోయే గొలుసుకట్టులో మధ్య లంకెల మీద ఇళ్లు వెలిశాయి. ఆ ఇళ్లలో చాలావాటికి రిజిస్టరైన దస్తావేజులున్నాయి, కరెంటు మీటర్లున్నాయి, ఇంటి పన్ను రశీదులున్నాయి. రెవెన్యూ పటంలో శిఖం (చెరువు గర్భం) భూమి, మాస్టర్ ప్లాన్‌లో మరో రంగు, రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఒక సర్వే నంబరు. మూడూ ఒకే పటం మీదికి రాకపోవడం వల్ల కొనుక్కున్నవాడు నష్టపోయాడు. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ ‘హైడ్రా’ ఏర్పాటై చెరువుల్లోని కట్టడాలను కూల్చడం మొదలుపెట్టాక, ఎఫ్‌టీఎల్ హద్దు ఎక్కడన్నది హైదరాబాద్ మధ్యతరగతి ఇంటింటి ప్రశ్నయింది. ప్లాటు కొనక ముందు తెలియాల్సిన హద్దు బుల్డోజర్ వచ్చాక తెలియడం అన్యాయం. ఆ బాధ్యత ఒక్క కొనుగోలుదారుడిదే కాదు.

అమరావతిలో స్థూల భూమికీ నికర భూమికీ తేడా రైతుల చేతి లెక్కగా మారింది. 217 చదరపు కిలోమీటర్ల రాజధాని కోసం 2015లో భూ సమీకరణ జరిగింది. జరీబు (ఏడాది పొడవునా నీటి తడి ఉండే) పట్టా భూమి ఇచ్చిన రైతుకు ఎకరానికి 1,000 గజాల నివాస ప్లాటు, 450 గజాల వాణిజ్య ప్లాటు తిరిగి ఇస్తామన్నారు. ఎకరం 4,840 గజాలు కాబట్టి రైతుకు వచ్చేది దాదాపు 30 శాతం. మిగతాది రోడ్లకు, పార్కులకు, కాలువలకు, ప్రభుత్వ భవనాలకు, ప్రభుత్వం అమ్ముకునే వాటాకు. ఇతర నగరాల్లో ప్రణాళికాధికారుల పట్టికల్లో ఉండిపోయే తీసివేత ఇక్కడ ప్రతి రైతుకూ గజాల్లో తెలుసు.

ఆ నేలలో కొంత కొండవీటి వాగు ముంపు ప్రాంతం. ఒరెగాన్ నిబంధన ప్రకారమైతే అందులో ఎంతో భాగం లెక్కలోంచి పోయేది. ఇక్కడ నీటిని కృష్ణలోకి ఎత్తిపోసే పథకాన్ని ఉండవల్లి దగ్గర 5,000 క్యూసెక్కుల సామర్థ్యంతో కట్టి 2018లో ప్రారంభించారు. ముంపు నేలను కట్టదగిన నేలగా మార్చే ఖర్చు అది. పంపులు నడిచినంత కాలం ఆ ఖర్చు ఏటా ఉంటుంది కాబట్టి ఎకరం ధరతో పాటు దాన్నీ లెక్కలో చూపాలి.

ప్రభుత్వాలు మారడం అనే మరో తీసివేతకు పైన చూసిన ఏ నిబంధనల్లోనూ సూత్రం లేదు. 2016 నుంచి లాటరీ తీసి రైతులకు ప్లాట్లు కేటాయించారు. 2019లో ప్రభుత్వం మారాక రాజధాని పనులు నిలిచాయి. ప్లాట్లను అభివృద్ధి చేసి అప్పగించాలని 2022 మార్చిలో హైకోర్టు ఆదేశించింది. 2024లో మళ్లీ ప్రభుత్వం మారాకే పనులు పుంజుకున్నాయి. ఆ మధ్య కాలమంతా ఆ ప్లాట్లు చదునుగా, ముంపు దాటి, వివాదం లేని పట్టాతో, జోన్ నిర్ణయమై కాగితం మీద అన్ని పరీక్షలూ నెగ్గినట్టే ఉన్నాయి. రోడ్డు, కాలువ, కరెంటు లేక చాలాచోట్ల వాటి మీద మొలిచింది తుమ్మ కంపే.